పచ్చడి సీసా ఓడెక్కదు

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులివ్వగానే నల్లపాడు ఇళ్లలో టూర్ల లెక్కలు మొదలవుతాయి. ఈమధ్య ఊటీ సరసన విహార ఓడ కూడా చేరింది.

2022 జూన్‌లో విశాఖ నుంచి కార్డీలియా క్రూయిజ్ సంస్థ వాళ్ల ఓడ ‘ఎంప్రెస్’ బయల్దేరినప్పుడు మజిలీల్లో పుదుచ్చేరి ఉంది. తీరా చూస్తే, కేసినో గొడవతో అక్కడి ప్రభుత్వం ఓడను రానివ్వలేదు. మజిలీ కోసమే టికెట్ కొనేవాళ్లు ఆలోచించుకోవాలి.

కడుపులో తిప్పేవాళ్లు కింది అంతస్తులో, ఓడ నడిమధ్య గది అడగాలి. ఊపు అక్కడే తక్కువ. పెట్టెలు గదికి ఆలస్యంగా వస్తాయి కాబట్టి బీపీ మాత్రలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టెను స్కానింగ్ దగ్గరే ఆపేస్తారు. ఇంటి పచ్చళ్లకూ సాధారణంగా అదే గతి. గుంటూరోళ్లకు అసలు కష్టం ఇదే!

ఒడ్డు కనుమరుగైతే ఫోన్ సిగ్నలూ పోతుంది. వైఫైకి విడిగా డబ్బు కట్టాలి. తుపాన్లొచ్చే అక్టోబరు, నవంబరుల్లో మాత్రం బంగాళాఖాతాన్ని నమ్ముకోకూడదు.