విందు పళ్లెం మధ్యలో పెద్దకూర

హైదరాబాద్ పాతబస్తీ దావత్‌లకు అలవాటైనవాళ్లకు తెలుసు, బిర్యానీ దేగ్ మూత తీసేలోపే సగం ఆకలి తీరిపోతుంది. చౌకీల మీద దస్తర్‌ఖాన్ పరిచి, చేతులు కడిగించి ముందుగా తెచ్చిపెట్టేది లుఖ్మీ, పక్కన షికంపూర్ కబాబ్. మైదా పిండిని నలుచదరంగా కోసి, మధ్యలో ఖీమా పెట్టి, నూనెలో వేయిస్తే లుఖ్మీ. రెండు కొరుకుల్లో అయిపోతుంది. ఇంకోటి అందుకోబోతుంటే ఎవరో పెద్దాయన మీ పళ్లెంలో తానే వేసేస్తాడు. ఇక్కడి మర్యాద అది.

ఈ మర్యాద వెనక ఒక ఆడమనిషి నూనె మూకుడు దగ్గర నిలబడి ఉంటుంది. లుఖ్మీ చల్లారితే బాగుండదు. అందుకని పంక్తి పంక్తికీ వేయించాల్సిందే. పెళ్లిళ్లకు వంటవాళ్లు ఉంటారు. కూతురి పుట్టినరోజుకో, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన తమ్ముడి కోసమో ఇంటి మేడ మీద పెట్టుకునే చిన్న విందుకు వంటవాళ్లెవరు? పిలిచిన మనిషే వంటింట్లో చిక్కుకుపోతుంది. వచ్చిన వాళ్లు ఆమెను చూడకుండానే, ఆమె చేతి రుచి మాత్రం చూసి వెళ్లిపోతారు. జహనుమా గల్లీల్లో ఇలాంటి విందులు చాలా చూశాను. బాగా వండే మనిషి తన విందులో తానే కనపడకపోవడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

అందుకే ఓవెన్‌లో పెట్టి ఒక్కసారే దింపే రోస్ట్ బీఫ్ స్లైడర్లంటే నాకు ఇష్టం. అరచేతిలో ఇమిడే చిన్న బన్నులు, మధ్యలో పలచగా కోసిన మాంసం, కరిగిన చీజ్, పైన వెన్న పూత. ఒక ట్రేలో రెండు డజన్లు ఒకేసారి తయారవుతాయి. పుట్టింది అమెరికాలో. అక్కడ కాన్సాస్ రాష్ట్రంలోని విచితా ఊళ్లో 1921లో వైట్ కాజిల్ అనే దుకాణం తెరిచి, ఐదు సెంట్లకొకటి చొప్పున చిన్న నలుచదరపు హాంబర్గర్లు అమ్మారు. ఆ చిన్నవాటికే తర్వాత స్లైడర్లనే పేరు స్థిరపడింది. ఇప్పుడు అక్కడి ఇళ్లలో ఆటల మ్యాచ్ చూసే రోజున, పండగ రోజున మాంసం రకరకాలుగా మార్చి ట్రేలకు ట్రేలు చేసుకుంటారు. నలుచదరం, చిన్నది, మధ్యలో మాంసం, భోజనానికి ముందు చేతికి అందించేది. లుఖ్మీ తిని పెరిగిన ఊరికి ఇందులో కొత్తేముంది?

కొత్తగా ఆలోచించాల్సింది మాంసం గురించే. అమెరికా వంటల పుస్తకంలో రోస్ట్ బీఫ్ అంటే ఆవు జాతి మాంసం. లోపల గులాబీ రంగు ఉండగానే దించేస్తారు. మన దగ్గర అది కుదరదు. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం తెలంగాణలో అమల్లో ఉంది. ఆవును కోయడానికి వీల్లేదు. జహనుమాలో, షాలిబండలో, ఇంజన్‌బౌలిలో గోష్త్ దుకాణాల్లో బడేకా అని, పెద్దకూర అని కొనుక్కొచ్చేది దున్న మాంసం. దాని స్వభావం వేరు. రంగు ముదురు ఎరుపు. కొవ్వు తెల్లగా, ఆవు కొవ్వులో ఉండే పసుపు ఛాయ లేకుండా ఉంటుంది. కండ మధ్యలో కొవ్వు చాలా తక్కువ. పీచు ముతక. ఇవన్నీ తెలియకుండా ఓవెన్‌లో పెట్టి పైపైన కాలిస్తే లోపల తడి ఆరిపోయి, నమలలేని ముద్ద మిగులుతుంది. తెలుసుకుని వండితే మాత్రం ఆ ముదురు రుచి ఇంకే మాంసానికీ రాదు.

మెత్తగా ఉంటుంది కదా అని గోష్త్ దుకాణంలో అండర్‌కట్ అడిగాను. దుకాణం భాయ్ తల అడ్డంగా ఊపాడు.

"శాండ్‌విచ్‌కా? అండర్‌కట్ వద్దక్కా, అది కబాబ్‌కు తీస్కపో. రాన్‌ల నుంచి ఒక్క ముక్క ఇస్త, నరం తీసి. మెల్లగ ఉడకనియ్, తొందర వద్దు."

ఆయన మాటే సరైనది. తొడ కండలో నరాలు తక్కువ, పీచు ఒకే వైపు బారుగా ఉంటుంది. పలచటి ముక్కలు కోయడానికి అదే కావాలి. రెండు డజన్ల బన్నులకు కిలోన్నర ముక్క చాలు. వండాక మూడో వంతు తరుగు పోయినా కిలో మిగులుతుంది, బన్నుకు నలభై గ్రాముల చొప్పున సరిపోతుంది. ముక్కను చిన్నగా కొట్టించకూడదు. మొత్తంగా ఒకటే ఉండాలి.

ఇక్కడ హైదరాబాదీ వంటింటి విద్య ఒకటి అక్కరకొస్తుంది. పచ్చి బొప్పాయిని తొక్కతో సహా నూరి పట్టించడం. పత్థర్ కా గోష్త్‌కైనా, పసందేకైనా ఇక్కడివాళ్లు చేసే మొదటి పని అదే. బొప్పాయి పాలలో ఉండే పపైన్ మాంసంలోని పీచును విడగొడుతుంది. వేడి తగిలేకొద్దీ దాని పని చురుకవుతుంది. అందుకని రాత్రంతా నానబెట్టకూడదు, పైపొర పిండిలా అయిపోతుంది. కిలోన్నరకు రెండు చెంచాల ముద్ద, ఉప్పు, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి. ఫోర్కుతో ముక్క నిండా పొడిచి, పట్టించి, మూడు గంటలు ఉంచితే చాలు. గరం మసాలా వేయకండి. లవంగం, దాల్చిన చెక్క వాసన వస్తే తినేవాళ్ల మనసు బిర్యానీ మీదికి పోతుంది. ఈ వంటకంలో మాంసం రుచే వినపడాలి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె బాగా కాగాక ముక్కను నాలుగు వైపులా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాల్చాలి. తర్వాత నాలుగు ఉల్లిగడ్డలు బారుగా కోసి వేసి, గ్లాసుడు నీళ్లు పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, సన్నని సెగ మీద రెండున్నర గంటలు వదిలేయాలి. కుక్కర్‌లో అరగంటలో అయిపోదా అంటారు. అవుతుంది, ఆ మాంసం చారుకు బాగుంటుంది కూడా. కానీ ముక్కలు కోయబోతే పోగులు పోగులుగా విడిపోతుంది.

వండిన వెంటనే కోయకూడదు. అందులోనే చల్లారనిచ్చి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాలి. తెల్లారి బయటికి తీస్తే ముక్క బిగిసి ఉంటుంది. దాన్ని పీట మీద పెట్టి దగ్గరగా చూడండి. పీచు గీతలు ఒక వైపునుంచి ఇంకో వైపుకు బారుగా సాగుతూ స్పష్టంగా కనపడతాయి. కత్తి ఆ గీతలకు అడ్డంగా పడాలి. అలా కోస్తే ఒక్కో ముక్కలో పీచు పొడవు రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, పళ్లకు పనే ఉండదు. నిలువుగా కోస్తే అదే మాంసం, అదే వంట, అయినా సాగుతుంది. రెండున్నర గంటల వంటకు, అయిదు నిమిషాల కోతకు ఉన్న విలువ సమానమని నా నమ్మకం. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అంచుల దగ్గర కాస్త వెలుగు కనపడాలి, ముక్క అంత పలచగా ఉండాలి.

గిన్నెలో మిగిలిన రసం పారబోయకండి, విందంతా అందులోనే ఉంది. అమెరికా పద్ధతిలో ఈ బన్నుల మీద పోసే వెన్నలో వూస్టర్‌షైర్ సాస్ కలుపుతారు. ఇంగ్లండులోని వూస్టర్ ఊళ్లో లీ అండ్ పెరిన్స్ అనే మందుల దుకాణదారులు 1837లో అమ్మకానికి పెట్టిన సాస్ అది. అందులో పులుపుకు మన చింతపండూ పడుతుంది. సీసా కొనాల్సిన పనిలేదు. నిమ్మకాయంత చింతపండు గుజ్జు, చెంచాడు బెల్లం, వెల్లుల్లి, మిరియాలు మాంసం రసంలో వేసి చిక్కబడేదాకా మరిగించి, దించాక వంద గ్రాముల వెన్న కలపండి. చింతపండు సూటిగా నాలుకకు తగులుతుంది. పెద్దకూరకు పులుపు ఎంత అవసరమో మా అమ్మమ్మ వైపు పాలమూరు ఊళ్లలో అందరికీ తెలుసు. ఎండబెట్టిన తునకలను చింతపులుసులో వేసి వండిన కూర తిన్నవాళ్లకు ఈ సాస్ పరాయిగా అనిపించదు.

బన్నులు బేకరీ నుంచి. ఒకదానికొకటి అతుక్కుని పలకగా వచ్చే పావ్ అడిగి తీసుకోవాలి. విడదీయకుండా పొడవాటి రంపపు కత్తితో పలకంతా అడ్డంగా రెండుగా కోయాలి. కింది సగం ట్రేలో పరిచి, ముందు చీజ్, దాని మీద మాంసం, వేయించిన ఉల్లిపాయ, మళ్లీ చీజ్, పైన రెండో సగం. చీజ్ రెండు వైపులా ఎందుకంటే, మాంసం తడి రొట్టెలోకి దిగకుండా అది అడ్డుకుంటుంది. వెన్న సాస్ పైన సమంగా పూసి గసగసాలు చల్లుతారు. మన బస్తీలో సగం ఇళ్లకు గల్ఫ్‌లో ఒక మనిషి ఉంటాడు. తిరుగు విమానానికి మూటకట్టి ఇచ్చే ఉద్దేశం ఉంటే గసగసాల బదులు నువ్వులు వేయండి. దుబాయ్, సౌదీల్లో గసగసాలు నిషిద్ధం. రుచి కోసం పెట్టింది బిడ్డకు ఆపద కాకూడదు.

ఇక కాల్చడం. 180 డిగ్రీల సెగలో, మీద రేకు కప్పి పదిహేను నిమిషాలు, రేకు తీసి ఇంకో అయిదు నిమిషాలు. ఇంట్లో ఓవెన్ లేకపోతే ట్రేను గల్లీ చివరి బేకరీకి పంపొచ్చు. రొట్టెల పని అయిపోయాక భట్టీలో మిగిలే వేడి దీనికి చాలు. అదీ కుదరకపోతే దమ్ ఉంది. పెద్ద దేగ్చాలో స్టాండు పెట్టి, దాని మీద ట్రే ఉంచి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు. పైనుంచీ కిందనుంచీ ఒకేసారి వేడి తగలడమే ఓవెన్ చేసే పని. ఈ ఊరు బిర్యానీకి ఆ పని తరాలుగా చేస్తూనే ఉంది. పక్కింటి ఖాలా మొదటిసారి ఈ ట్రేను చూసి, ఎలా కాలుస్తారని కూడా అడగలేదు. "బొగ్గులు రాజేస్తున్నా, తీసుకురా బిడ్డా" అంది.

ఒక విషయంలో నాకు పట్టుదల ఉంది. ఇందులో ఉన్నది ఏ మాంసమో వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందే, నోటితో చెప్పాలి. మా గల్లీలో బోనాల ఘటం ఎత్తే ఇళ్లున్నాయి, పెద్దకూర ముట్టనివాళ్లున్నారు, ముట్టినా బయట చెప్పుకోలేని వాళ్లూ ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ మోసంతో దాటించకూడదు. వాళ్లకు వేరే ట్రే, వేరే కత్తి, వేరే బల్ల. పనీర్‌తోనో, పుట్టగొడుగులతోనో అదే చింతపండు వెన్న పూసి అంతే శ్రద్ధగా చేయాలి. ఆ ట్రే రెండో రకంగా కనపడితే పిలిచి అవమానించినట్టే.

అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్దకూర దాచిపెట్టుకునే వస్తువు కాదు. చాలా తెలుగిళ్లలో తిన్నదాన్ని తిన్నామని చెప్పుకోలేని పరిస్థితి తరాలుగా ఉంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకుంటే ఎంత గొడవ జరిగిందో ఈ నగరం చూసింది. వాళ్లు అడిగింది తమ ఇంటి కూర హాస్టల్ పళ్లెంలో అందరి కళ్లముందూ ఉండాలని. ముసల్మాను ఇంట్లోనూ ఇంకో రకం సంకోచం ఉంది. దగ్గరి బంధువులైతే బడేకా, గొప్ప అతిథులైతే మటన్. ధర తక్కువ కాబట్టి గౌరవం తక్కువ అనుకుంటారు. మా మేడ మీదినుంచి ఫలక్‌నుమా కొండ కనపడుతుంది. అక్కడి ప్యాలెస్‌లో 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది. ఆ బల్ల మీదికైనా తీసుకెళ్లి పెట్టగల వంటకం ఇది. గౌరవం మాంసం ధరలో లేదు, నానబెట్టిన మూడు గంటల్లో, సన్నసెగ మీద ఓపికపట్టిన రెండున్నర గంటల్లో, అడ్డంగా పలచగా కోసిన చేతిలో ఉంది.

ట్రే దించాక రెండు నిమిషాలు ఆగి, పావ్ అతుకుల వెంట కత్తి దించితే బన్నులు విడివిడిగా వస్తాయి. చీజ్ తీగలుగా సాగుతుంది. పిల్లలు ముందు దానికోసమే మూగుతారు. పక్కన పుదీనా చట్నీ, ఉల్లి చక్రాలు, నిమ్మముక్కలు. ఆ తర్వాత వంటింట్లో పనేమీ ఉండదు. వండిన మనిషి చేతులు తుడుచుకుని, జంపఖానా మీద అందరితోపాటు కూర్చోవచ్చు, తమ్ముడు చెప్పే ఎడారి కబుర్లు మొదటినుంచీ వినవచ్చు. ఈ వంటకం మీద నాకున్న ప్రేమకు అసలు కారణం ఇదే.

వచ్చే ఈద్‌కో, ఇంట్లో పిల్లల పుట్టినరోజుకో ఒక ట్రే చేయండి. మాంసం ముందు రోజే వండి చల్లారనివ్వండి. నరం తీసిన రాన్ ముక్క అడిగిన పూట దొరకదు, దుకాణం భాయ్‌కి రెండు రోజుల ముందే చెప్పిపెట్టండి.