అట్టడుగు జట్ల పోరు

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌ను గూర్చి వ్రాయబూనిన మేము ముందుగా ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. ఫుట్‌బాల్ అను మాట చెవిని పడగానే 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టును, దానిని తీర్చిదిద్దిన రహీం సాహెబును తలచుకొనుట మన హైదరాబాదు వారికి అలవాటు. మేము చెప్పబోవు ఆట అది కాదు. ఇది 1859లో మెల్‌బోర్న్ నగరమున నియమములు వ్రాసికొన్న వేరొక ఆట. మైదానము కోడిగ్రుడ్డు ఆకారము. బంతియు ఇంచుమించు అట్టిదే. జట్టుకు పదునెనిమిదిమంది. గోల్‌కీపరు లేడు, ఆఫ్‌సైడ్ లేదు. బంతిని చేతపట్టి పరుగెత్తవచ్చును గాని పదిహేను మీటర్లకొక పర్యాయము నేలకు తాకింపవలెను. తోటివానికి విసరరాదు, పిడికిలితో గ్రుద్ది అందింపవలెను. కాలితో తన్నిన బంతి పదిహేను మీటర్లు గాలిలో వచ్చి, నేల తాకకముందే చేతికి చిక్కినచో ఎవరి అడ్డూ లేకుండ తన్నుకొను హక్కు లభించును. దీనిని మార్కు అందురు. ఇందుకై ఎదుటివాని భుజముపై మోకాలుంచి పైకి లేచినను అంపైరు అభ్యంతరము చెప్పడు!

ఇరుకొసల నాలుగేసి స్తంభములు నిలిపియుందురు. నడిమి రెండింటి నడుమ తన్నినచో ఆరు పాయింట్లు. గురి తప్పి ప్రక్క సందులో పోయినచో ఒక పాయింటు. తప్పిన గురికి సైతము ఎంతో కొంత ముట్టజెప్పు ఈ నియమము మాకు మొదటినుండియు నచ్చినది.

ఈ ఆట మాకు పరిచయమగుటకు కారణము మెల్‌బోర్న్‌లో చదువుకొనుటకు వెళ్ళిన మా ఖాలా కుమారుడు. అతడు దిగిన గది నార్త్ మెల్‌బోర్న్ పేటలో నుండుటచే ఆ పేట జట్టునే తన జట్టుగా స్వీకరించినాడు. అంతకు మించిన కారణ మేదియు లేదు. అక్కడ మధ్యాహ్నము ఆరంభమగు ఆట మనకు ఉదయపు చాయ్ వేళకు వచ్చును. అట్లు కొన్ని ఆదివారములు చాయ్ చల్లారుచుండ ఓటములను చూచితిమి. చూడగా చూడగా మాకును ఒక పక్షము ఏర్పడినది. కావున ఈ వ్యాసములో నిష్పాక్షికత తక్కువగా కన్పించినచో సంపాదక వర్గము వారు మన్నింతురు గాక.

నార్త్ మెల్‌బోర్న్ క్లబ్బు 1869లో పుట్టినది. పెద్ద లీగులో ప్రవేశము 1925లో గాని లభింపలేదు. తొలి కిరీటము 1975లో, అనగా యాభై ఏండ్ల నిరీక్షణ తరువాత. ఆపై 1977, 1996, 1999. ఇప్పటికి అంతే. కసాయి దుకాణములు, పశువధశాలలు ఉన్న శ్రామికుల పేట అది. ఆటరోజున కసాయివారు మోకాటి క్రింది ఎముకకు నీలి, తెలుపు రిబ్బన్లు చుట్టి దుకాణముల ముందు వ్రేలాడదీసెడి వారని చెప్పుకొందురు. అందుచేత ఆ జట్టుకు షిన్‌బోనర్లు అను పాత పేరు నిలిచిపోయినది. కంగారూస్ అనునది తరువాతి కాలపు పేరు.

ధనములో ఇది ఎప్పుడును చిన్న క్లబ్బే. 2007లో లీగు అధికారులు పెద్ద మొత్తము చూపి, నగరమును విడిచి ఈశాన్యమున నున్న గోల్డ్ కోస్టుకు తరలిపొమ్మన్నారు. అప్పులున్న సంసారము. అట్టి మాటకు తలయూపినను తప్పుపట్టువారుండరు. అభిమానులు ఒప్పుకొనలేదు, ఆ డిసెంబరులో క్లబ్బు పాలకవర్గము కాదు పొమ్మన్నది. మరుసటి సంవత్సరము, 2008లో, ఆ రాష్ట్రపు క్లబ్బులలో అనేకము ఆదాయమునకై ఆధారపడు జూదపు యంత్రములను కూడ వదలుకొన్నది. చేతిలో డబ్బు లేనివాడు హరామైన సంపాదనను కాదనుటలో ఎంత కష్టమున్నదో మన ఇండ్లలో వేరుగ చెప్పనక్కరలేదు. 2010లో తమ మైదానము ప్రక్కనే వలస వచ్చినవారి పిల్లలకును, శరణార్థుల పిల్లలకును చదువు, ఉద్యోగముల విషయమున తోడ్పడుటకై హడల్ అను కేంద్రమును నెలకొల్పినది. గెలుపుల పట్టికలో ఇవి ఏవియు లెక్కకు రావు.

ఎదుటి జట్టు వెస్ట్ కోస్ట్ ఈగల్స్. పడమటి తీరమున పెర్త్ నగరము వారిది. మెల్‌బోర్న్ నుండి పెర్త్ దూరము మన హైదరాబాదు–ఢిల్లీ విమాన దూరమునకు రెట్టింపు. 1987లో లీగులో అడుగిడి, అయిదేండ్లలోనే, 1992లో, కిరీటమందుకొన్నది. మరల 1994, 2006, 2018. ఆ 2018 ఫైనలును మేము రికార్డులో చూచితిమి. ఆట ముగియ వచ్చుచుండగా ప్రక్క గీత చేరువ నుండి, మిక్కిలి ఇరుకైన కోణములో డామ్ షీడ్ తన్నిన బంతి స్తంభముల నడుమ దూరినది. కాలింగ్‌వుడ్‌పై అయిదు పాయింట్ల విజయము. అరువది వేలమంది పట్టు క్రొత్త మైదానము, లక్ష దాటిన సభ్యత్వము. కలవారి ఇల్లు.

ఆ ఇల్లు అయిదేండ్లలో ఎట్లు కూలినదో చూడుడు. 2023 జూన్‌లో సిడ్నీ జట్టు 205 పాయింట్లు చేయగా వెస్ట్ కోస్ట్ చేసినది 34. తేడా 171! వయసు మీరిన ఛాంపియన్లను కడదాక పట్టుకొని యుండుట, యువకులకు సకాలమున చోటు కల్పింపకపోవుట, ఆపై గాయముల పరంపర – కారణములు అనేకము. పేదరికమునకు అలవాటు పడినవాని కంటె క్రొత్తగా పేదయైన వాని నడకలో తడబాటు ఎక్కువ. ఆ సంవత్సరము వారి ఆటలో మాకు కన్పించినది అదియే.

ఇక ఈ రెండింటికిని ముడి ఎట్లు పడినదో చెప్పవలెను. లీగులో పదునెనిమిది జట్లు. 2022 ముగిసేసరికి ఈ రెండు జట్లును రెండేసి ఆటలే గెలిచినవి. స్కోరుల నిష్పత్తిలో వెనుకబడి నార్త్ మెల్‌బోర్న్ కడపటిదైనది. 2023లో రెండును మూడేసి గెలిచినవి. ఈసారి అదే నిష్పత్తిలో వెస్ట్ కోస్ట్ కడపటిదైనది. అన్నదమ్ములు ఒకే చిరుగు దుప్పటిని ఈ ప్రక్కకు ఆ ప్రక్కకు లాగుకొనుట వంటిది ఇది.

అయితే కడపటి స్థానము కేవలము అవమానము కాదు. అందొక బహుమానము దాగియున్నది. ఏటేటా క్రొత్త ఆటగాళ్ళను ఎంచుకొను డ్రాఫ్టు జరుగును. అందు మొదటి ఎంపిక కడపటి జట్టుది. బలహీనుని బలవంతుని సరసకు తెచ్చుటకై పెట్టిన న్యాయమైన ఏర్పాటు. కాని ఓడినవానికి లాభము కలుగజేయు ఏర్పాటు ఆటగాని మనస్సును ఏ పరీక్షకు గురిచేయునో ఆలోచింపుడు. 2023లో తొలి ఎంపికకు తగిన కుర్రవాడు హార్లీ రీడ్ అని దేశమంతయు ముందుగనే చెప్పుకొన్నది. కడపటి వారమున నార్త్ మెల్‌బోర్న్ వరుసగా ఇరువది ఆటలు ఓడి యున్నది. ఇంకొక్కటి ఓడినచో రీడ్ వారివాడే. హోబార్ట్‌లో గోల్డ్ కోస్టుతో ఆట. వారు గెలిచినారు! కడపటి స్థానము వెస్ట్ కోస్టుకు పోయినది, దానితోపాటు హార్లీ రీడ్‌ను పొందు హక్కును.

ఈ సంగతిపై మా హాస్టలులో పెద్ద వాదమే జరిగినది. కామర్సు మిత్రు డొకడు, "పనికిరాని గెలుపు కొరకు పదేండ్ల పెట్టుబడిని పారవేసికొన్న మూర్ఖులు" అన్నాడు. లెక్కలో అతని మాట తప్పు కాదు. కాని ఇరువది వారములు తలవంచుకొని ఇంటికి పోయిన పందొమ్మిదేండ్ల కుర్రవానితో, ఈ ఒక్కనాడు కూడ ఓడుము, నీకు మేలు కలుగునని చెప్పగలవారెవరు? చెప్పినను, అట్లు నేర్చిన ఓటమి మరుసటి ఏడు విప్పుకొనుటకు వీలైన చొక్కా కాదు. ఆ జట్టు అట్లు గెలువకపోయినచో మేము ఈ వ్యాసము వ్రాసియుండెడి వారము కాము. ఇది వాదము కాదు, మా అభిమానము. దానిని దాచుకొనుట లేదు.

అటు తరువాత 2024లో రిచ్‌మండ్ కడపటిది కాగా మన రెండు జట్లు దాని పైమెట్టుపై కూర్చున్నవి. 2025లో వెస్ట్ కోస్ట్ ఇరువది మూడు ఆటలలో ఒక్కటే గెలిచినది, సెయింట్ కిల్డాపై. నార్త్ మెల్‌బోర్న్ అయిదు గెలిచి, ఆ ఏటి విజేతయైన బ్రిస్బేన్‌తో ఒకటి సమము చేసికొన్నది. పదునారవ స్థానము. చెప్పుకొనదగిన ఎత్తేమియు కాదు.

ఇక్కడ మా కళాశాల సోదరీమణుల కొరకు ఒక మాట. అదే నార్త్ మెల్‌బోర్న్ మహిళల జట్టు 2024లోను, 2025లోను ఒక్క ఆటయు ఓడకుండ కిరీటము గెలిచినది. అదే నీలి, తెలుపు చారల చొక్కా, అదే మైదానము. కావున మట్టిలో దోషము వెదకువారు మరొక కారణము చూచుకొనవలెను.

ఈ ఉభయుల ముఖాముఖి పోరులను మేము ప్రత్యేకముగా గమనించితిమి. 2023 తొలి వారమున నార్త్ మెల్‌బోర్న్ అయిదు పాయింట్లతో గెలిచినది. అది క్రొత్త శిక్షకుడు అలిస్టర్ క్లార్క్‌సన్ ఆధ్వర్యమున ఆ జట్టు ఆడిన తొలి ఆట. ఆయన హాథార్న్ జట్టుకు నాలుగు కిరీటములు తెచ్చిన దిట్ట. ఇక మంచిరోజులు వచ్చినవని అందరును తలచిరి గాని ఇరువది ఓటముల కథ ఆపై వచ్చినదే. 2024 జూన్‌లో నార్త్ మెల్‌బోర్న్ ఆ ఏటి తొలి గెలుపును పెర్త్‌కు పోయి తెచ్చుకొన్నది. ఆగస్టులో వెస్ట్ కోస్ట్ హోబార్ట్‌కు వచ్చి బదులు తీర్చుకొన్నది. 2025 జూన్‌లో బన్‌బరీ అను చిన్న పట్టణమున ఆడినారు. ఆ ఆట కాగితముపై నార్త్ మెల్‌బోర్న్ వారి సొంత మైదానపు ఆట. బన్‌బరీ మాత్రము పెర్త్‌కు దక్షిణమున, ఎదుటివారి రాష్ట్రములో నున్నది. ఆదాయము కొరకు తన సొంత ఆటను ప్రత్యర్థి వాకిట ఆడుకొనుట చిన్న క్లబ్బుకు తప్పని పని. అక్కడ కూడ వారే గెలిచినారు.

రాబోవు పోరులో చూడదగిన విషయము లేవి? నార్త్ మెల్‌బోర్న్ మధ్యభాగము బలమైనది. 2023లో అరంగేట్రము చేసి ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడైన హ్యారీ షీజెల్, ల్యూక్ డేవిస్ యూనియాక్ ఇద్దరును బంతిని గుంపులోనుండి వెలికి తీయగలవారు. ముందు భాగమున నిక్ లార్కీ. ఓడుచున్న జట్టులో నుండి 2023లో 71 గోల్స్ చేసినవాడు. వారి రోగము వెనుకభాగమున నున్నది. ఎదుటివారు వరుసగా రెండు గోల్స్ చేసినంతనే అందరును ఒకే చోటికి పరుగెత్తి, తక్కిన మైదానమును ఖాళీగా వదలివేయుదురు. మూడవ క్వార్టరులో ఈ జాడ్యము తరచుగా బయటపడును.

వెస్ట్ కోస్టుకు ఆ జాడ్యమును వాడుకొను శక్తి ఉన్నదా యనునది ప్రశ్న. అనుభవజ్ఞుడైన రక్షకుడు జెరెమీ మెక్‌గవర్న్ తలదెబ్బల కారణమున వైద్యుల సలహాపై 2025లో ఆట విరమించినాడు. ఆస్కార్ అలెన్ ఆ ఏడు ముగియగానే బ్రిస్బేన్ చేరినాడు. హార్లీ రీడ్ ఎద్దువంటి బలము కలవాడు. కాని ఒక్క ఎద్దుతో కాడి సాగదు. 2024లో 53 గోల్స్ చేసిన జేక్ వాటర్‌మన్‌కు బంతి చేరినచో మాత్రము నార్త్ మెల్‌బోర్న్ వెనుకభాగము చెదరును.

మరొక సంగతి. 2023 డ్రాఫ్టులో నార్త్ మెల్‌బోర్న్ నాలుగవ ఎంపికగా తీసికొన్నది జేన్ డ్యూర్స్‌మాను. 2025 నవంబరులో కడపటి జట్టు హోదాలో వెస్ట్ కోస్ట్ మొదటి ఎంపికగా తీసికొన్నది విల్లెమ్ డ్యూర్స్‌మాను. వీరిద్దరును తోబుట్టువులు. పై జట్ల పోరు జరుగు దినమున అన్న ఒక ప్రక్క, తమ్ముడు ఒక ప్రక్క నిలుచుట సంభవించినచో, ఆ తల్లి ఏ రంగు ధరించి కూర్చుండునో చూడవలెనని మాకు కుతూహలము.

మా అంచనా యేమనగా, మొదటి రెండు క్వార్టర్లలో నార్త్ మెల్‌బోర్న్ నాలుగు గోల్స్ ముందంజ వేయును. మూడవ దానిలో దానిలో సగము జారవిడుచుకొనును. కడపట పన్నెండు పాయింట్ల తేడాతో గట్టెక్కును. మూడవ క్వార్టరు ముగియునాటికి వెస్ట్ కోస్ట్ ముందున్నను మేము ఈ మాట మార్చము.