టీచరమ్మ కొడుకు

కెన్యాలో ఎల్డోరెట్ దగ్గర కప్టగాట్ అని ఓ ఊరు. సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తు. మారథాన్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఎలియుడ్ కిప్చోగే ఇల్లూ పిల్లల్నీ వదిలి వారమంతా అక్కడి శిబిరంలోనే గడిపేవాడు. మంగళవారం ట్రాక్ మీద వేగం, గురువారం మట్టిదారిలో 30 లేదా 40 కిలోమీటర్లు. మరుగుదొడ్లు కడిగే వంతు ఛాంపియన్‌కీ తప్పేది కాదు. కుర్రాళ్లకు అంతకన్నా పెద్ద పాఠం ఏముంటుంది!

ఆ పద్ధతి కోచ్ పాట్రిక్ సాంగ్‌ది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్టీపుల్‌చేజ్ రజతం ఆయనది. ఏం సాధన చేయాలో చెప్పమంటూ ఓ కుర్రాడు వచ్చాడు. చెప్పింది చేసి, మళ్లీ వచ్చాడు. మళ్లీ మళ్లీ వచ్చాడు. ఆ కుర్రాడే కిప్చోగే. చిన్నప్పుడు తనకు పాఠాలు చెప్పిన టీచరమ్మ కొడుకే అతనని సాంగ్‌కు తర్వాతగానీ తెలియలేదు.

2019 అక్టోబరు 12, వియన్నా. రెండు గంటల లోపు మారథాన్ కోసం కిప్చోగేకు తోడుగా 41 మంది వంతులవారీగా పరిగెత్తారు. వారిలో బెర్నార్డ్ లగాట్ ఒకడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరూ కెన్యా జట్టే. తర్వాత లగాట్ అమెరికా తరఫున పోటీ పడ్డాడు. 44 ఏళ్ల వయసులో పాత సహచరుడి కోసం బూట్లు కట్టాడు.

1:59:40. గీత దాటాక తోడు పరిగెత్తినవాళ్లు కిప్చోగేను భుజాలకెత్తుకున్నారు.