శ్వాసకు శౌచము

యోగసాధనకు కలుగు అంతరాయములను లెక్కించునప్పుడు పతంజలి మహర్షి తొమ్మిదింటిని పేర్కొని, వాటిలో వ్యాధిని మొట్టమొదట నిలిపినాడు. సంశయము, ప్రమాదము, విషయాసక్తి మొదలైనవన్నియు దాని తరువాతనే. స్త్యానమును, ఆలస్యమును వ్యాధినుండి వేరుగా లెక్కించుట కూడ గమనింపదగినది. చిత్తము పనికి పూనుకొనకపోవుట ఒకటి, దేహము బరువెక్కి ప్రయత్నము మానుట మరొకటి, ధాతువులు వికలమై దేహమే సహకరింపకపోవుట వేరొకటి. వెలుపలినుండి చూచువారికి ఈ మూడును ఒకే విధముగా కనబడును. ఆసనముపై కూర్చుండలేక పడుకొనియున్న మనుష్యుడు రోగియా, సోమరియా అని నిర్ణయించుట సులభము కాదు. ఒక్కొక్కప్పుడు ఆ మనుష్యునికే తన విషయము తెలియదు.

గోదావరీతీరమున ఒక పట్టణములో నివసించు విశ్రాంత తెలుగు పండితుని విషయమున ఇదియే జరిగినది. ఆయనను ఊరంతయు మాస్టారు అనియే పిలుచును. ప్రాతఃకాలమున సంధ్యావందనము, ప్రాణాయామము, పిదప విష్ణుసహస్రనామ పారాయణము ఆయన నిత్యవిధి. ఒక్కొక్క శ్లోకమును ఒక్కొక్క శ్వాసలో ముగించుట అలవాటు. 2021 మే మాసమున, రెండవ విజృంభణ ఉద్ధృతముగా ఉన్నప్పుడు, ఆయనకు కోవిడ్ సోకినది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరము రాలేదు. తొమ్మిది దినములు జ్వరము, కొంత దగ్గు, అంతే. నెగెటివ్ వచ్చిన నాడు ఇంటిల్లిపాది దేవునికి కొబ్బరికాయ కొట్టినారు.

శ్రావణమాసము వచ్చునప్పటికి ఒక్క శ్లోకమునకు మూడు పర్యాయములు ఊపిరి తీసుకొనవలసి వచ్చుచుండెను. పీటమీదనుండి లేచి నిలిచినంతమాత్రమున గుండె దడదడ కొట్టుకొనెడిది. వేయి నామములలో ఎక్కడనో దారి తప్పి, వెనుకకు వచ్చి మరల మొదలిడవలసి వచ్చెడిది. బాల్యమునుండి కంఠస్థమైన దానిని పుస్తకము చూచి చదువుకొనుట ఆయనకు దగ్గుకంటె, ఆయాసముకంటె పెద్ద బాధ. “మనసు దిటవు చేసుకోండి మాస్టారూ, అంతా మనసులోనే ఉంది” అని సత్సంగమిత్రులు ధైర్యము చెప్పినారు. సాధకుని విషయమున ఇట్టి ధైర్యవచనము ఎంత హాని చేయునో చెప్పినవారు ఎరుగరు. అది తమోగుణమని ఆయన నిశ్చయించుకొని, కుంభకకాలమును పెంచినారు. ఏకాదశీ ఉపవాసములకు ప్రదోషమును కూడ చేర్చినారు. తెల్లవారుజామున గోదావరి గట్టుపై నడక ఆరంభించినారు. నడచిన నాడు బాగుగనే ఉండెడిది. ఒకటి రెండు దినముల తరువాత, కారణము తెలియకుండ, స్నానమునకు కూడ లేవలేనంత నీరసము క్రమ్ముకొనెడిది.

విశాఖపట్టణమున వైద్యవృత్తిలో ఉన్న ఆయన మేనకోడలు దసరాకు వచ్చి, మూడు దినములు ఆయనను గమనించి, నాలుగవ నాడు ప్రక్కన కూర్చుండి చెప్పినది: “మావయ్యా, ఇది బద్ధకం కాదు. ఖాతాలో లేని డబ్బుకి మీరు రోజూ చెక్కు రాస్తున్నారు. అది రెండు రోజులాగి తిరిగొస్తోంది. ముందు ఆ నడక ఆపండి. ఊపిరి బిగబట్టడం అసలొద్దు.” శాస్త్రము ఒప్పుకొనదేమో అని ఆయన సందేహించినారు. అయుక్తమైన ప్రాణాయామము వలన శ్వాసకాసాది రోగములు కలుగునని హఠయోగప్రదీపికయే హెచ్చరించుచున్నదను మాట ఆయనకు తెలియనిది కాదు. ఇతరులకు బోధించిన ఆ వాక్యము తనకు వర్తించునని మాత్రము తోచలేదు.

కోవిడ్ సోకిన నాటినుండి మూడు మాసములకు కూడ విడువక, కనీసము రెండు మాసములు కొనసాగుచు, వేరొక రోగముచేత వివరింపబడని లక్షణసముదాయమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ప్రత్యేకముగా నిర్వచించినది. వ్యవహారమున దానిని లాంగ్ కోవిడ్ అందురు. అలసట, ఆయాసము, జ్ఞాపకమున మబ్బు దాని ముఖ్యరూపములు. శ్రమ చేసిన మరునాడో, ఆ మరునాడో రోగము ఉద్రిక్తమగుట దాని విచిత్ర లక్షణము. ఇది ఊహ కాదు. ఆమ్స్టర్‌డామ్ శాస్త్రజ్ఞులు ఇట్టి రోగులచేత కొద్ది నిమిషములు సైకిలు త్రొక్కించి, దానికి ముందును తరువాతను కండరపు తునకలను పరీక్షించినారు. శ్రమానంతరము కణములలో శక్తిని పుట్టించు భాగముల పని తగ్గుట, కండర ధాతువు దెబ్బతినుట కనుగొని 2024లో ప్రకటించినారు. పతంజలి వ్యాధిని స్త్యానమునుండి వేరు చేయుటలోని ఔచిత్యమునకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు. ఆసుపత్రికి వెళ్లనవసరము లేనంత తేలికగా జ్వరము వచ్చిపోయినవారికి కూడ సంవత్సరకాలము వరకు హృద్రోగభయము హెచ్చియుండునని అమెరికాలో మాజీ సైనికుల వైద్య వివరములను పరిశీలించినవారు 2022లో తెలిపినారు. టీకా ఈ ప్రమాదమును తగ్గించును, తొలగింపదు. ప్రపంచమున నలుబది కోట్లమంది ఎప్పుడో ఒకప్పుడు ఈ దీర్ఘవ్యాధికి లోనయి ఉందురని 2024లో వేసిన ఒక అంచనా. అందులో భగవన్నామము విడువనివారు ఎందరో.

మేనకోడలు చెప్పినట్లు మాస్టారు రోజును చిన్నచిన్న ఖండములుగా విభజించుకొన్నారు. పది శ్లోకములు, పిదప విశ్రాంతి. సంధ్యావందనము కూర్చుండియే. నెమ్మదిగా, ఒక సంవత్సరమునకు, సగము పారాయణము వరకు వచ్చినారు. 2022 కార్తికమాసమున ఆయన మరల సత్సంగమునకు వెళ్లినారు. భవనమునకు ఆ మధ్యనే ఏసీ అమర్చినారు. తలుపులు కిటికీలు బిగించి, ఎనుబదిమంది గొంతెత్తి భజన చేసినారు. వారము తిరుగకముందే మరల జ్వరము. కూడబెట్టుకొన్నదంతయు పోయినది. పది శ్లోకములకు బదులు మూడు.

వ్యాధి ఆయనది. కాని గాలి ఎవరిది? చరక సంహితలో విమానస్థానమున మూడవ అధ్యాయము సరిగా ఈ ప్రశ్నకే కేటాయింపబడినది. పాంచాల దేశమున కాంపిల్య నగరసమీపమున, గంగాతీరమున, పునర్వసు ఆత్రేయుని అగ్నివేశుడు అడుగును: ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు, మనస్సు ఒకటి కాని మనుష్యులందరు ఏకకాలమున ఒకే వ్యాధిచేత ఎట్లు నశింతురు? ఏవి ఎట్లు భిన్నమైనను నాలుగు మాత్రము అందరికి సమానమని ఆచార్యుని సమాధానము. వాయువు, జలము, దేశము, కాలము. ఇవి చెడినప్పుడు జనపదమే చెడును. చెడిన వాయువు లక్షణములలో కదలిక లేక స్తంభించియుండుట, దుర్గంధము, దుమ్ము, పొగ కలసియుండుట చేరినవి. మూసిన భజనమందిరమును తలచుకొని చదివినచో ఆ పట్టిక ఎంతో ఆధునికముగా తోచును. అంతకంటె ముఖ్యము, దానికి మూలకారణము ప్రజ్ఞాపరాధమని, అధర్మమని, అది దేశనగరములకు ప్రధానులైనవారితో ఆరంభమగునని ఆత్రేయుడు చెప్పుట. రోగి పూర్వకర్మను వెదకుటకు ముందు అధికారుల ప్రస్తుతకర్మను చూడుమని భావము.

ప్రస్తుతకర్మ విషయమున పండితులు కూడ తడబడినారు. ఈ వ్యాధి గాలిద్వారా వ్యాపింపదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ప్రకటించినది. అప్పటికే, అదే నెల 10వ తేదీన, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమున స్కాజిట్ లోయలో ఒక గాయకబృందము రెండున్నర గంటలసేపు అభ్యాసము చేసినది. వచ్చినవారు 61 మంది. రోగగ్రస్తులైనవారు 53 మంది, మరణించినవారు ఇద్దరు. జులైలో 239 మంది శాస్త్రజ్ఞులు బహిరంగలేఖ వ్రాసినారు. 2021లో గాని సంస్థ దానిని స్పష్టముగా అంగీకరింపలేదు. ఈలోగా లోకమంతయు తలుపు గడియలను కడుగుచు కూర్చున్నది. గానము చేయువారి నోటినుండి వెలువడు సూక్ష్మబిందువులు మామూలుగా మాట్లాడునప్పటికంటె అధికము. అవి మూసిన గదిలో పొగవలె గంటలకొలది తేలుచుండును. స్కాజిట్‌లో పాడినది స్తోత్రమో, మరొకటియో వాయువునకు భేదము లేదు.

ఎంగిలి అను భావన తెలుగువారికి క్రొత్త కాదు. దేవునికి అర్పించు పుష్పమును వాసన చూడరు. దీపమును నోటితో ఊది ఆర్పరు. కొన్ని ఆలయములలో నైవేద్యము వండువారు నోటికి, ముక్కునకు వస్త్రము కట్టుకొందురు. నోటిగాలి తాకిన పదార్థము అర్పణయోగ్యము కాదని అందులోని భావము. (ఆ భావనను మనుష్యులమీదికి త్రిప్పి, కొందరిని దూరముగా నిలిపిన పాపము వేరు, దానిని సమర్థింపరాదు. ఇక్కడ ఎంగిలి అందరినోటిది, శ్రోత్రియునిది కూడ.) ఒకరు త్రాగిన గ్లాసుతో నీరు త్రాగుటకు సంకోచించువారు ఒకరు విడిచిన గాలిని మరొకరు పీల్చుటను ఆలోచింపనే లేదు. అది కంటికి కనబడకపోవుటయే కారణము.

కనబడునట్లు చేయుట నేడు కష్టము కాదు. ఆరుబయట గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల భాగములకు సుమారు 420 భాగములు. నిశ్వాసములో సుమారు 40,000. కావున గదిలో దాని పాళ్లు చూపు చిన్న పరికరము 2,400 అని చూపినచో, పీల్చు గాలిలో ఇరువదవ వంతు అప్పటికే మరొకరి ఊపిరితిత్తులలో తిరిగి వచ్చినదని అర్థము. సత్సంగములోని ఒక విశ్రాంత ఇంజనీరు అట్టి పరికరమును తెచ్చి వ్యాసపీఠము ప్రక్కన పెట్టినాడు. భజన నలుబది నిమిషములు సాగునప్పటికి అది 2,400 దాటినది. గోడకు బిగించు ఏసీ గదిలోని గాలినే చల్లబరచి మరల వదలునే గాని బయటినుండి క్రొత్తగాలిని తీసుకొనిరాదని ఆ నాడే పలువురికి తెలిసినది. అది చల్లని ఎంగిలి.

“భగవన్నామం ఉన్నచోట రోగం ఎక్కడిది?” అని ఒక పెద్దాయన అడిగినారు. ఎవరును ఎదురు చెప్పలేదు. మాస్టారే, ఫోనులో ఈ సంగతి విని, “నామం ఉన్నచోటే కదండీ నాకు వచ్చింది” అన్నారు. ఆ మాటలో నిందలేదు. నామము పాపమును హరించును. కిటికీ తెరచు పని మనుష్యునిది. ప్రారబ్ధమని మరియొకరు అన్నారు. ప్రారబ్ధమనునది తన బాధను తాను ఓర్చుకొనుటకు పనికివచ్చు మాట, ఇతరుల బాధకు కారణమగు తలుపును మూసియుంచుటకు కాదు. ఆ తలుపును మూసినవానికి అది ఆగామికర్మ.

పొగ విషయము ఇంకను సున్నితమైనది. హోమధూమము వైరస్‌ను సంహరించి గదిని శుద్ధి చేయునని ప్రచారము కలదు. మందిరమున రోగనివారణకు దానిని నమ్ముకొనదగిన నిరూపణ లేదు. అగరువత్తి పొగలో ఉండునవి ఊపిరితిత్తుల లోతుకు చేరు సూక్ష్మకణములే. దెబ్బతిన్న శ్వాసకోశమునకు అవి సుగంధములు కావు. హోమము యజ్ఞశాలలో, ఆకాశము క్రింద, శాస్త్రోక్తముగా జరిగినప్పుడు ఈ ప్రశ్నయే రాదు. మూసిన ఏసీ గదిలో ఇరువది వత్తులు వెలిగించుట ఏ ఆగమమున విధింపబడినది?

కిటికీ తెరచినంతమాత్రమున అంతయు చక్కబడదు. ప్రక్కన లారీలు తిరుగు రహదారి ఉన్నచో లోపలికి వచ్చునది మరొక విషము. సూక్ష్మకణములు ఘనపుమీటరుకు సంవత్సర సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించగా, భారతదేశపు ప్రమాణము 40 వద్ద ఉన్నది. ఆ 40ని కూడ దాటు నగరములు అనేకము. అట్టిచోట వడపోత తప్పదు. 0.3 మైక్రాను కణములలో నూటికి 99.97 పట్టుకొను హెపా ఫిల్టరు గల యంత్రములు అంగడిలో దొరకును. అమెరికాలో కోర్సి, రోసెంథాల్ అనువారు 2020లో నాలుగు ఫిల్టర్లను పెట్టెవలె నిలిపి, పైన ఫ్యాను బిగించి, బడిపిల్లలు కూడ చేయగల శోధకమును రూపొందించినారు. గదిలోని గాలి గంటకు ఐదు పర్యాయములైనను శుద్ధమగునట్లు చూడవలెనని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రములు 2023లో సూచించినవి. పరిశుభ్రవాయువు జీవించు హక్కులో భాగమని భారత సర్వోన్నత న్యాయస్థానము 1991లోనే పలికినది. అయినను పాఠశాలలో త్రాగునీటిని అడుగు తల్లిదండ్రులు తరగతిగదిలోని గాలిని అడుగుటలేదు. నలుబదిమంది పిల్లలు దినమునకు ఆరుగంటలు కూర్చుండు గది అది. ఒక్క పర్యాయము సోకిపోయినదని తేలికగా అనుకొనుటకు, ప్రతి సంక్రమణమును ఆ ప్రమాదమును క్రొత్తగా తెచ్చును. మార్గదర్శకములు వ్రాయువారు, భవనములు కట్టువారు, దేవాలయ ధర్మకర్తలు, ఆత్రేయుడు చెప్పిన ప్రధానులలోనివారే.

ఆ సత్సంగములో వాదము మూడు వారములు నడచినది. చివరకు ఏసీ ఉన్నప్పటికిని ఎదురెదురు కిటికీలు రెండు తెరచియుంచుటకు, వంటయింటి ప్రక్క గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుటకు, ఇంజనీరు చేసి తెచ్చిన ఫిల్టర్ల పెట్టెను వేదిక దగ్గర నడుపుటకు ఒప్పుకొన్నారు. కరెంటు ఖర్చు పెరుగుచున్నదని కోశాధికారి నెలనెలా గొణుగుచునే ఉన్నారు. దగ్గు, జలుబు ఉన్నవారు ఇంటివద్దనే పారాయణము చేసికొని, ఫోనులో వినుచున్నారు. మూడు వరుసలు మాస్కు ధరించువారికి వదలినారు. పారాయణము రెండు భాగములైనది. నడుమ పది నిమిషములు అందరు వాకిటిలో వేపచెట్టు క్రిందికి వత్తురు. పరికరము ఇప్పుడు 800 దగ్గర నిలుచుచున్నది.

మాస్టారు గత మాఘమాసమునుండి వచ్చుచున్నారు. తలుపుదగ్గర కుర్చీలో, మాస్కుతో, పెదవులు మాత్రము కదల్చుచు కూర్చుందురు. మొదటి భాగము కాగానే ఇంటికి పోవుదురు. రెండవ భాగమునకు ఆయన బదులు ఆయన పూర్వవిద్యార్థి ఒకడు గొంతు కలుపుచున్నాడు.