తన చేతికి సరిపడేది

గాజు అల్మారా వెనకాల నిలబడ్డ కుర్రాడు తనని ఒకసారి చూసి, ఏమీ అడక్కుండానే కింది అరలోంచి ఊదారంగు పిడి ఉన్న చిన్న పిస్టల్ తీసి రబ్బరు చాప మీద పెట్టాడు. "లేడీస్ ఎక్కువగా ఇదే తీసుకుంటారు," అన్నాడు. తనతో కాదు, నాతో. మన గాజుల కొట్టువాడు నయం. చెయ్యి పట్టి చూడందే గాజు తియ్యడు.

నిజానికి ఆ కుర్రాణ్ణి అనే అర్హత నాకు లేదు. అప్పటికే నా ల్యాప్‌టాప్‌లో పదకొండు వరసల ఎక్సెల్ షీటు ఒకటి తయారుగా ఉంది. పేరు, బరువు, ధర, ఎన్ని తూటాలు పడతాయి, హ్యాండ్‌బ్యాగులో పడుతుందా. బరువు తక్కువ నుంచి ఎక్కువకి సార్ట్ చేసి పెట్టాను. తన మణికట్టు సన్నం కాబట్టి తేలికైనది మంచిదని నా లెక్క. ఈ షీటు గురించి తనకి చెప్పలేదు. కొనబోయేది తన కోసమే అయినా!

మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన. 2023 మే 6, శనివారం. ఆలెన్‌లో ఔట్‌లెట్ మాల్ దగ్గర ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. పోయినవాళ్ళలో ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా పనిచేస్తున్న అమ్మాయి. అంతకు రెండు వారాల ముందే మేం అదే మాల్‌లో పాపకి బూట్లు కొన్నాం. ఆ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల. మధ్యమధ్యలో, ఇండియన్ల ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలు పనిగట్టుకుని వస్తున్నారన్న పాత మెసేజీలు మళ్ళీ తిరగడం మొదలైంది. నా ఉద్యోగంలో నెలకో వారం వేరే ఊళ్ళో ఉండాలి. ఆ వారం ఇంట్లో తనూ, నాలుగేళ్ళ పాపా. హోటల్ గదిలో పడుకుని నేను చేసే పని, ఇంటి ముందు కెమెరాని ఫోన్‌లో చూస్తూ కూర్చోవడం.

హెచ్-వన్ బి మీద ఉన్నన్నాళ్ళూ ఈ ఆలోచనకి తావే లేదు. అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. (ఇది తెలీక రేంజికి వెళ్ళి ఫోటోలు దిగి ఇన్‌స్టాలో పెట్టే మనవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.) గ్రీన్ కార్డు వస్తే ఆ అడ్డు పోతుంది. 4473 అనే ఫారం నింపాలి, వాళ్ళు కంప్యూటర్లో మన చరిత్ర చూస్తారు, అంతే. పైగా 2021 సెప్టెంబర్ నుంచి టెక్సస్‌లో ఇరవయ్యొక్కేళ్ళు నిండిన చాలామందికి పిస్టల్ దగ్గర పెట్టుకుని తిరగడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. మా గ్రీన్ కార్డులు ఆ పై ఏడాదే వచ్చాయి. ఇల్లు కొన్నాం, కారు మార్చాం, ఇంక మిగిలింది ఇదే అన్నట్టుగా ఉంది నా వాలకం.

"కొనేముందు ఒక్కసారైనా పేల్చి చూడొద్దూ?" అంది తను. షాపు వెనకే రేంజి. అక్కడ తుపాకులు అద్దెకిస్తారు. మొదటిసారి వచ్చేవాళ్ళకి నేర్పడానికి ఒకావిడ ఉంది, అరవై దాటి ఉంటాయి, జుట్టంతా తెలుపు. కౌంటర్ మీద ఒక కాయితం అంటించి ఉంది: ఒంటరిగా వచ్చినవాళ్ళకి తుపాకి అద్దెకివ్వబడదు. ఏదో ఇన్సూరెన్సు గొడవనుకుని నేను దాటిపోయాను. తను అక్కడ కాసేపు నిలబడింది. ఎందుకలా అని ఆవిణ్ణి అడిగింది కూడా. ఆవిడ గొంతు తగ్గించి ఏదో చెప్పింది. నేను అప్పుడు చెవులకి మఫ్‌లు పెట్టుకుని చూసుకుంటున్నాను.

ఆవిడ మొదటి అరగంట తూటా అన్నదే బయటికి తియ్యలేదు. ప్రతి తుపాకీ నిండే ఉందనుకో. నాశనమైపోయినా ఫర్వాలేదనుకున్న దానివైపు తప్ప దాని మూతి తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. లక్ష్యమేమిటో, దాని వెనకాల ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ తన చేత నాలుగుసార్లు చెప్పించింది. తర్వాత రెండు చేతులూ చాపి, మధ్యలో చిన్న సందు వదిలి, అందులోంచి గోడ గడియారాన్ని చూస్తూ ఒక్కో కన్నూ మూయమంది. తనది కుడిచేతి వాటం, కానీ గురి చూసే కన్ను ఎడమది. పదేళ్ళ కాపురంలో నాకు తెలియని సంగతి! నా షీటులో దానికి గడి కూడా లేదు. అలాంటివాళ్ళు పిస్టల్‌ని కాస్త ఎడమకి జరుపుకుంటే సరిపోతుందట. తన కుర్తా మెడ చూసి, కాలే ఇత్తడి తొడుగు లోపల పడితే ఎవరైనా గంతులేస్తారు, అప్పుడు చేతిలో ఉన్నది ఎటు తిరుగుతుందో చెప్పలేమని, మెడదాకా ఉన్న టీషర్టు ఒకటి తెచ్చి ఇచ్చింది.

మొదట నా షీటులో ఒకటో వరస. రూగర్ ఎల్‌సీపీ, పాయింట్ త్రీ ఎయిటీ, మూడొందల గ్రాములు కూడా లేదు. ఆవిడ ఏమీ అనలేదు, ఒకే ఒక్క తూటా పెట్టి ఇచ్చింది. కొత్తవాళ్ళకి మొదట ఒక్కటే ఇస్తారు, ఉలిక్కిపడి రెండోసారి నొక్కేసినా ఏం కాకుండా. పేలింది. తన రెండు చేతులూ నుదుటి దాకా లేచాయి. రెండోది పేల్చి కింద పెట్టేసి, బొటనవేలి మొదలు రుద్దుకుంటూ నావైపు తిరిగింది. "ఇదేనా నాకోసం కొంటానన్నది?"

తర్వాత రెండో వరస, స్మిత్ అండ్ వెసన్ 642. అయిదు తూటాల రివాల్వర్, నాలుగొందల గ్రాముల పైన ఎంతో లేదు. జామ్ అవదు, స్లైడ్ లాగే పని లేదు, ఆడవాళ్ళకి ఇదే మంచిదని నేను చూసిన వీడియోల్లో పెద్దమనుషులంతా చెప్పారు. దాని ట్రిగ్గర్ నొక్కడానికే తను రెండు వేళ్ళు వాడాల్సి వచ్చింది. నొక్కేలోపు గురి తప్పి, తూటా ఎటో పోయింది. చెయ్యి ఎర్రగా కందింది.

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, తెలియాల్సిందే. తూటా ముందుకెళ్ళే ఊపు ఎంతో, తుపాకి వెనక్కి తన్నే ఊపూ అంతే. బరువు తగ్గితే ఆ తన్ను అంతా చేతికే వస్తుంది. పొట్టి పిడి అయితే పట్టుకోవడానికి వేళ్ళకి చోటుండదు. ఈ బుల్లి తుపాకులు మోసుకు తిరగడానికి హాయి, పేల్చడానికి నరకం. బాగా చెయ్యి తిరిగినవాళ్ళకి తప్ప లొంగవు. అంటే కొత్తవాళ్ళకి ఇవ్వకూడనిదేదో వెతికి మరీ మొదటి వరసలో పెట్టాను.

నేనొక్కణ్ణే కాదులెండి. ఈ వ్యాపారానికి ఇది పాత అలవాటు. స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1902లోనే చిన్న రివాల్వర్ ఒకటి చేసి లేడీస్మిత్ అని పేరు పెట్టారు. ఆ పేరునే 1989లో మళ్ళీ బయటికి తీశారు. మన దగ్గర 2014 జనవరిలో, ఢిల్లీ ఘటన జరిగిన ఏడాదికి, కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసం అరకిలో రివాల్వర్ తెచ్చింది. ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. ఇచ్చింది నగల పెట్టె లాంటి పెట్టెలో. ఆ ధర పెట్టి, మన దేశంలో లైసెన్సు సంపాదించి, బస్సులో సిటీ చివర దిగి నడిచెళ్ళే అమ్మాయి ఎవరో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

మూడోది ఆవిడే ఎంచింది. రూగర్ మార్క్ ఫోర్, పాయింట్ టూటూ. నిండా బరువు, తన్నడం దాదాపు లేదు. తను పది పేల్చింది. పది రంధ్రాలూ నా అరచేతిలో పట్టేంత మేర పడ్డాయి. మఫ్‌లు తీయకుండానే గట్టిగా అరిచింది, "నుమాయిష్‌లో బెలూన్లు!" చిన్నప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్‌లో వాళ్ళ నాన్న ఏటా పది రూపాయలు ఇచ్చి బెలూన్లు కొట్టనిచ్చేవాడట. అది కూడా నేను మొదటిసారి వినడం.

చివరికి నచ్చింది షీల్డ్ ఈజీ, నైన్ ఎమ్ఎమ్, దాదాపు 650 గ్రాములు. బరువెక్కువని నేను షీటు అడుక్కి నెట్టేసినది. "పేరు బాలేదు. నాకేం ఈజీ అక్కర్లేదు. కానీ తుపాకి బావుంది," అంది. స్లైడ్‌ని వెనక్కి లాగడం కాదు, పైనుంచి నిండా పట్టుకుని పిడిని ముందుకి తొయ్యాలని ఆవిడ చూపించాక తనకి ఏ స్లైడూ బరువు కాలేదు. మధ్యలో ఆవిడ తనకి తెలియకుండా ఉత్తుత్తి తూటా ఒకటి కలిపి పెట్టింది. అది పేలనప్పుడు చెయ్యి దానంతటదే కిందకి వాలిందంటే, శబ్దానికి ముందే భయపడుతున్నట్టు లెక్క. తనది కదల్లేదు. అదే పరీక్ష నాకు పెడితే నా చెయ్యి జానెడు కిందకి పోయింది.

కొనేద్దామన్నాను. తను చేతులు కడుక్కుంటోంది. సీసం పోవాలని, చన్నీళ్ళతో. "ఇంటికెళ్ళి మాట్లాడదాం," అంది.

రాత్రి పాప పడుకున్నాక వంటగదిలో మొదటి ప్రశ్న, "ఎక్కడ పెడతాం?" బీరువాలో అన్నాను. బీరువాలో తాళం వేసి ఉన్నది అర్ధరాత్రి ఎవడో తలుపు తన్నినప్పుడు ఏం పనికొస్తుందంది. వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్‌లు ఉన్నాయన్నాను. మంచం పక్కన? అవును. ఎవరి వేలిముద్ర? ఇద్దరిదీ.

తను సింకులో గిన్నెల వైపు చూస్తూ అంది. "ఆ కౌంటర్ మీద కాయితం ఎందుకు పెట్టారో అడిగాను. కొందరు ఒంటరిగా వచ్చి, అద్దెకి తీసుకుని, తమనే కాల్చుకున్నారట. తోడుగా మనిషుంటే ఆ పని చెయ్యరని." తర్వాత చాలాసేపటికి, "పాప పుట్టిన ఏడాది మన ఇంట్లో ఇది లేకపోవడం మంచిదైంది."

ఆ ఏడాది తనకి బాగాలేదని తెలుసు. డాక్టర్ మందులు రాసింది, అత్తయ్య వచ్చి ఆరు నెలలుంది. ఎవరైనా అడిగితే నిద్ర చాలక నీరసంగా ఉంటోందని చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకి నేనూ అదే నమ్మాను. ఎంతవరకూ వెళ్ళిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. ఆ రాత్రి అడిగాను. చెప్పింది. అది ఇక్కడ రాయను.

అమెరికాలో 2021లో తుపాకులకి పోయినవాళ్ళు 48 వేల పైచిలుకు. అందులో 26 వేల పైచిలుకు తమని తామే కాల్చుకున్నవాళ్ళు. అది రహస్యమేం కాదు, వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. నేను మూడు వారాలు వెతికింది తూటాల ధరలు.

"ఇప్పుడు బానే ఉన్నావు కదా?" అన్నాను.

"ఇప్పుడు బానే ఉన్నాను. బాగా లేనప్పుడు ఆ సేఫ్‌కి నా వేలు గుర్తుండకుండా పోతుందా?"

అలాగని తను మానేయలేదు. నెలకో శనివారం వెళ్తుంది. నేనో, తన ఫ్రెండో తోడు. అదే తుపాకి అద్దెకి తీసుకుంటుంది, యాభై తూటాలు పేల్చి ఇచ్చేసి వస్తుంది. సొంతానికి కొనుక్కున్నది మఫ్‌లు మాత్రం. నగలు బ్యాంకు లాకర్‌కి చేరాయి. ముందు తలుపు బందులకి మూడంగుళాల స్క్రూలు వేయించింది. పెరట్లో మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టించింది, దానికి ఎక్కువగా వెలిగించే పని పక్కింటి పిల్లే చేస్తుంది. షాపులో ఆ కుర్రాడు ఇప్పుడు తనతోనే మాట్లాడతాడు. మాట్లాడక చస్తాడా, గురిలో తను వాడికంటే మెరుగు.

నాకు మాత్రం పూర్తిగా కుదుట పడలేదు. ఇంకోసారి అడిగితే, "వచ్చే ఏడాది మళ్ళీ అడుగు, చూద్దాం," అంది. మొన్న నవంబర్‌లో చికాగోలో ఉన్నాను. రాత్రి పదకొండున్నరకి కెమెరా ఆఫ్‌లైన్ అని చూపించింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇరవై నిమిషాల్లో తొమ్మిదిసార్లు. సేఫ్ ఉండి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేదా, ఇంకా భయమేసేదా అని హోటల్ గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆలోచించాను. పదోసారికి ఎత్తింది.

"వైఫై పోయింది. నిద్రపోతున్నా. ఏంటి?"