సర్వర్ డౌన్ అంటే ఎవరు డౌన్?

నంద్యాలలో, ఆళ్లగడ్డలో చదివే మన పిల్లలు అడిగేది ఒకటే: "అన్నా, కుల సర్టిఫికెట్ ఉంది, ఆధార్ ఉంది, స్కాలర్‌షిప్ ఎందుకు పడలే?" కౌంటర్లో జవాబూ ఒకటే: సర్వర్ డౌన్.

బెంగళూరులో నేను చేసింది వెబ్ సర్వీసుల పనే. అందుకే చెప్తున్నా. మీకు కనిపించే స్క్రీన్ ఒకటే, వెనక పనిచేసేవి చాలా. ఒక సర్వీసు ఆధార్ సరిచూస్తుంది. ఒకటి కులం, ఆదాయం వివరాలు తెస్తుంది. ఇంకొకటి మీ ఆధార్‌కి ఏ బ్యాంకు లింకయిందో ఎన్‌పీసీఐ మ్యాపర్లో చూస్తుంది. దీన్నే సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ అంటారు. మేం బ్యాంకులకు పనిచేసినప్పుడు ప్రతి సర్వీసుకీ బాధ్యుడుండేవాడు. ఎన్ని సెకన్లలో జవాబివ్వాలో రాతకోతలుండేవి. ప్రతి రిక్వెస్టూ లాగ్‌లో పడేది. ఆగితే అర్ధరాత్రైనా లేచి బాగుచేసేవాళ్లం.

2011 నవంబర్లో మీసేవ, 2019 అక్టోబర్ 2న సచివాలయాలు వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరుగుడు తగ్గింది, కాదనను. కానీ అప్పుడు కాగితం ఏ టేబుల్ మీద ఆగిందో వేలెత్తి చూపేవాళ్లం. ఇప్పుడు ఆపినోడికి ముఖం లేదు.

ఫీజు కట్టుకోగలిగినోడికి సర్వర్ డౌన్ ఒక విసుగు. కూలికి పోయే తల్లి కూతురికి అది అందని హాల్‌టికెట్టు.

అందుకే ఊరికే వెనక్కి రావద్దు. అప్లికేషన్ నంబర్ రాసుకోండి. ఎక్కడ ఆగిందో, ఎవరు బాధ్యులో రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. లాగ్ కూడా రికార్డే.

జై భీమ్.