ఎవరికి పాడుతున్నట్టు?

స్టేజి మీద బాగా ఆడిన సంగీత నాటకాన్ని సినిమాగా తీస్తున్నారంటే అందరూ సెట్ల గురించి, తారాగణం గురించి, ఏ పాట ఉంచారు, ఏది తీసేశారు అన్నదాని గురించి మాట్లాడుకుంటారు. అలాంటి సినిమా చూస్తున్నప్పుడు నాకు మాత్రం ఒకే ప్రశ్న వస్తుంటుంది. ఈ మనిషి ఇప్పుడు ఎవరికి పాడుతున్నట్టు?

నాటకంలో ఈ ప్రశ్న రాదు. పాత్ర ఒంటరిదైనా నటుడు ఒంటరివాడు కాదు, ఎదురుగా జనం ఉంటారు. పాట ఆ జనాన్ని చూసుకుని మొదలవుతుంది, వాళ్ళ చప్పట్ల కోసం ఒక క్షణం ఆగుతుంది కూడా. సినిమాలో ఆ జనం ఉండరు, పాట మాత్రం మిగులుతుంది. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, డెస్క్‌టాప్ కోసం రాసిన అప్లికేషన్‌ని ఫోన్‌లోకి తేవడం లాంటిదిది. స్క్రీన్ చిన్నది చేస్తే సరిపోదు. అక్కడ మౌస్ చేసే పని ఇక్కడ ఎవరు చేస్తారో ముందు తేల్చుకోవాలి.

బాబ్ ఫాసీ దీన్ని మొహమాటం లేకుండా తేల్చేశాడు. 'క్యాబరే' 1966లో బ్రాడ్‌వే మీదకి వచ్చింది. అందులో కొన్ని పాటలు బెర్లిన్‌లోని కిట్ క్యాట్ క్లబ్బు వేదిక మీద జరుగుతాయి, మిగతావి పాత్రలు తమ గదుల్లో, తమ మధ్య పాడుకుంటాయి. 1972లో సినిమా తీసేటప్పుడు ఫాసీ ఈ రెండో రకం పాటల్ని పక్కన పెట్టేశాడు. సినిమాలో లైజా మిన్నెల్లి పాడితే క్లబ్బులోనే పాడుతుంది, వినేవాళ్ళు ఫ్రేములోనే బల్లల దగ్గర కూర్చుని ఉంటారు. పోగొట్టుకున్న ప్రేక్షకుల్ని ఆయన సినిమా లోపలికే తెచ్చుకున్నాడన్నమాట.

టామ్ హూపర్ 2012లో 'లే మిజరాబ్ల్' తీసినప్పుడు దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు. ముందే రికార్డు చేసిన పాటకి పెదవులు కదపడం కాకుండా, చెవిలో పియానో వింటూ నటులే సెట్లో పాడారు. ఆన్ హాథవే పాటంతా దాదాపు ఒకే దీర్ఘమైన షాట్, కెమెరా ఆమె ముఖానికి అతుక్కుపోయి ఉంటుంది. అక్కడ అది గుండెని పట్టేస్తుంది, ఎందుకంటే ఫాంటీన్‌కి వినేవాళ్ళంటూ లోకంలో ఎవరూ మిగల్లేదు. కానీ అదే దగ్గరతనం తర్వాత ప్రతి పాత్రకీ వాడేసరికి నాకు ఊపిరాడలేదు. అందరూ ఎవరికీ కాకుండా పాడుతుంటే కాసేపటికి మనమూ వినడం మానేస్తాం.

మనకి ఈ చిక్కు కొత్తదేం కాదు. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' నాటకరంగం నుంచే నడిచొచ్చింది. పద్యనాటకంలో జనం ఊరికే కూర్చుని వినరు. రాగం తీస్తుంటే తల ఊపుతారు, బాగుంటే వన్స్ మోర్ అంటారు, లేచి వెళ్ళి నోటు పిన్నీసుతో గుచ్చి వస్తారు. పద్యం ఎంతసేపు సాగాలో నటుడు, హార్మోనియం, జనం ముగ్గురూ కలిసి అప్పటికప్పుడు తేల్చుకుంటారు. ఘంటసాల సినిమాకి పద్యం పాడేటప్పుడు ఆ సాగదీతని తగ్గించి, మాట స్పష్టంగా వినపడేలా, భావం ముందుకొచ్చేలా మలిచాడు. 'శ్రీకృష్ణావతారం' (1967)లో రాయబారం పద్యాలు వినండి. తిరుపతి వేంకట కవుల పద్యాలే, కానీ అక్కడ కృష్ణుడు హాల్లో ఉన్న మనకి పాడడు, సభలో ఉన్న కౌరవులకి చెప్తాడు. పద్యం మళ్ళీ సంభాషణ అయింది.

మా తాతయ్యకి ఇది నచ్చేది కాదు. కుర్రతనంలో ఊళ్ళో కృష్ణుడి వేషం కట్టినవాడాయన. యూట్యూబ్‌లో ఆ సన్నివేశం పెడితే, "గొంతుకి వంక లేదురా. కానీ రైలు టైమైపోయినట్టు అంత తొందరేంటి?" అన్నాడు. సరే నువ్వు పాడు తాతయ్యా, రికార్డు చేస్తానని ఫోన్ పట్టుకున్నాను. అప్పటికి ఆయనకి ఎనభై నాలుగు. రెండు పాదాలు పాడి ఆపేశాడు. "దీనికేం పాడతాం, ఎదురుగా ఎవరన్నా ఉండాలి కదా" అన్నాడు. ఎదురుగా నేనున్నాను, కానీ నా ముఖానికి ఫోన్ అడ్డం.

వెనక వీధిలో ఒకప్పుడు దుర్యోధనుడి వేషం వేసిన పెద్దాయన ఉండేవాడు. మా నాన్న వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో ఆయన కూర్చోగానే తాతయ్య నడుం నిటారైంది. ఇద్దరూ అంతా కలిపి ఏడు నిమిషాలు. శృతి చాలాచోట్ల తప్పింది. అయినా అది నాటకమే. నేను మధ్యలో ఫోన్‌ని పెద్దాయన వైపు తిప్పాను. తన వంతు పద్యం ఇంకా రాలేదు, వింటున్నాడంతే. తాతయ్య ఎత్తిపొడుపు మాట పడినప్పుడల్లా ఆయన దవడ బిగుసుకుంటోంది. తాతయ్య పోయాక మా ఇంట్లో వాళ్ళు ఎక్కువగా ఆగి చూసేది ఆ దవడనే. పందిట్లో ఎక్కడో వెనక చాప మీద కూర్చున్నవాడికి అది ఏ నాటకంలోనూ కనిపించి ఉండదు.

అందుకే సినిమాకి నాటకం తెచ్చినప్పుడు పోయిన వాటి లెక్క ఒక్కటే రాసుకుంటే అన్యాయం అనిపిస్తుంది. వన్స్ మోర్ పోయింది, నిజమే. పాట ఎన్నిసార్లు చూసినా ఇక అంతే నిడివి. బదులుగా పాడేవాడి మీంచి కళ్ళు తిప్పి వినేవాడిని చూసే వీలు దొరికింది. నాటకంలో వినేవాళ్ళు చీకట్లో ఉంటారు, ఆ చీకట్లో మనమూ ఒకళ్ళం. సినిమా అక్కడ దీపం వెలిగించగలదు.

'క్యాబరే'లో క్లబ్బు బయట జరిగే పాట ఒకటుంది. ఎండలో, ఆరుబయట బీరు తాగే తోట. లేత ముఖపు కుర్రాడు తీయగా పాడుతుంటాడు. కెమెరా కిందకి దిగితే చేతికి నాజీ పట్టీ కనిపిస్తుంది. బల్లల దగ్గరున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి గొంతు కలుపుతారు. ఆ గుంపులో ఒక ముసలాయన మాత్రం లేవడు, పాడడు, ఇబ్బందిగా కూర్చునే ఉంటాడు. ఈసారి ఆ సినిమా చూస్తే పాట వినడం కాసేపు ఆపి ఆయన్ని చూడండి. ఆ పాట ఏం చేయబోతోందో అక్కడ తెలిసినవాడు ఆయనొక్కడే అనిపిస్తుంది నాకు.